కొత్త ప్రభుత్వం, సరిహద్దులు, మన తీరం: నెల్లూరులో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెప్పాను. రిటైరయ్యాక కూడా ప్రశ్నలు ఆగలేదు. గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు అడుగుతారు, మైపాడు వైపు రొయ్యల చెరువులు చేసే బంధువులు అడుగుతారు, కొడుకు కువైట్‌లో ఉన్న పక్కింటి అమ్మ గోడ మీద నుంచే అడుగుతుంది. 2024 జూన్‌లో ఢిల్లీలో ప్రభుత్వం ఏర్పడినప్పటి నుంచి ఇవి ఎక్కువయ్యాయి, 2025 వేసవి తర్వాత మరీనూ. విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. ప్రశ్నలు చాలావరకు వాళ్ళ మాటల్లోనే ఉంచాను.

ప్రధాని మారలేదు, విదేశాంగ మంత్రీ మారలేదు. మరి దీన్ని కొత్త ప్రభుత్వం అని ఎందుకంటారు?

లెక్క మారింది కాబట్టి. మెజారిటీకి 272 మంది కావాలి, భాజపాకు వచ్చినవి 240. తెలుగుదేశానికున్న 16 మంది ఎంపీల మాట ఢిల్లీలో ఒక్కసారిగా బరువెక్కింది అందుకే. విదేశాంగానికి ఈ లెక్కతో ఏం పని అనుకోకండి. 2008లో అమెరికాతో అణు ఒప్పందం ఇష్టంలేక వామపక్షాలు తప్పుకుంటే, మన్మోహన్ సింగ్ ప్రభుత్వం జూలై 22న విశ్వాస పరీక్షకు నిలబడి 275కి 256 ఓట్లతో గట్టెక్కింది. 2011లో బెంగాల్ ముఖ్యమంత్రి ఒప్పుకోక బంగ్లాదేశ్‌తో తీస్తా నది నీటి ఒప్పందం ఆగిపోయింది. 2013లో శ్రీలంక తమిళుల విషయమై డీఎంకే మద్దతు తీసేసింది. మిత్రపక్షాల మాట పొరుగుదేశాల దాకా వెళ్తుంది.

ఇంకో సంగతి ఉంది. మనవైపు మనుషులు మారకపోయినా అవతలి వైపు మారిపోయారు. 2024 జూన్ 9న ప్రమాణ స్వీకారానికి ఏడు దేశాల నాయకులు వచ్చారు. నవంబరు దాటేసరికి అందులో నలుగురు పదవిలో లేరు. జూలైలో నేపాల్ ప్రధాని ప్రచండ బలపరీక్షలో ఓడారు. ఆగస్టు 5న షేక్ హసీనా ఢాకా వదిలి మన దేశానికే వచ్చారు. సెప్టెంబరులో శ్రీలంకలో రణిల్ విక్రమసింఘె, నవంబరులో మారిషస్‌లో ప్రవింద్ జగన్నాథ్ ఎన్నికల్లో ఓడిపోయారు. పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నవాళ్ళలో సగానికి పైగా ఆరునెలల్లో వెళ్ళిపోతే, కట్టుకున్న చనువంతా మళ్ళీ మొదటి నుంచి కట్టుకోవాలి. నా దృష్టిలో ఈ ప్రభుత్వానికి పడ్డ అసలు పని ఇదే.

కొత్త ప్రభుత్వానికి కుదురుకోడానికి కొన్నాళ్ళు టైం ఉండదా సార్?

ఉండదు. పిల్లలకు ఇది చెప్పేటప్పుడు తేదీలు బోర్డు మీద పక్కపక్కన రాసేవాణ్ణి.

వీపీ సింగ్ 1989 డిసెంబరు 2న ప్రధాని అయ్యారు. ఆరు రోజులకే ఆయన హోంమంత్రి కూతుర్ని శ్రీనగర్‌లో ఎత్తుకుపోయారు. 13వ తేదీన ఐదుగురు మిలిటెంట్లను వదిలితే ఆమె ఇంటికి వచ్చింది. వాజపేయి 1999 అక్టోబరు 13న మళ్ళీ ప్రమాణం చేశారు, డిసెంబరు 24న కాఠ్మాండూ నుంచి వస్తున్న విమానాన్ని హైజాక్ చేసి కాందహార్ పట్టుకుపోయారు. 2024లోనైతే అంత వ్యవధి కూడా లేదు. రాష్ట్రపతి భవన్‌లో ప్రమాణ స్వీకారానికి అంతా సిద్ధమవుతున్న ఆ సాయంత్రమే జమ్మూలోని రియాసీలో యాత్రికుల బస్సు మీద కాల్పులు జరిగి తొమ్మిది మంది పోయారు.

మన పీవీ గారి సంగతి వేరుగా చెప్పుకోవాలి. 1991 జూన్ 21న ఆయన కుర్చీలో కూర్చునేసరికి ఖజానాలో విదేశీ మారకం అడుగంటింది. జూలైలో రిజర్వు బ్యాంకు 47 టన్నుల దాకా బంగారం విమానాల్లో లండన్ పంపి తాకట్టు పెట్టింది. ఆ డిసెంబరుకి మనకు ఆయుధాలిచ్చే సోవియట్ యూనియనే లేకుండా పోయింది. మరుసటి నెలలోనే, 1992 జనవరిలో, ఆయన ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు ప్రకటించారు, తూర్పు ఆసియా వైపు చూడటం మొదలుపెట్టారు. మెజారిటీ లేని ప్రభుత్వం చేసిన పని అది. చేతిలో ఏమీ లేనప్పుడు ఏది ముందు, ఏది వెనక అని తేల్చుకోవడం ఆయన దగ్గర నేర్చుకోవాలని ఇప్పటికీ అనుకుంటాను.

"అమెరికావోడు పన్నేస్తే మన చెరువు కాడ రేటెందుకు పడిపోద్ది సార్? పన్ను కట్టేది వాళ్ళే గదా?"

ఇందుకూరుపేట దగ్గర మా బంధువుల చెరువు గట్టు మీద నన్ను అడిగిన ప్రశ్న ఇది. 2025 ఆగస్టు ఆఖరు. తెల్లవారక ముందే పట్టుబడి మొదలైంది. వల లాగేవాళ్ళు మెడలోతు నీళ్ళలో ఉన్నారు, ఏరేటర్లు ఆపేశారు, ఐసు బండి గట్టు మీద ఆగి ఉంది. ఏజెంటు మనిషి బుట్టలోంచి ఒక కిలో తూచి, పళ్ళెంలో పోసి, రెండేసి రెండేసి లెక్కపెట్టాడు. యాభై అంటే యాభై కౌంటు. ముందురోజు రాత్రి ఒప్పుకున్న రేటు వేరు, పొద్దున ఫోన్లో ప్లాంటువాళ్ళు చెప్పిన రేటు వేరు. వల నీళ్ళలోంచి పైకి వచ్చేశాక రైతు చేసేదేముంది? రొయ్య ఐసులో పడాల్సిందే.

సుంకం కట్టేది అమెరికాలో దిగుమతి చేసుకునేవాడే, అది నిజం. కానీ అతను తన కొనుగోలు ధర తగ్గించి అడుగుతాడు. ఎగుమతిదారు తన మార్జిన్ కాపాడుకుని ప్లాంటు రేటు తగ్గిస్తాడు, ఏజెంటు తన కమిషన్ ఉంచుకుని గట్టు రేటు తగ్గిస్తాడు. రైతు కింద ఇంకెవరూ లేరు. మేత ధర తగ్గదు, కరెంటు బిల్లు తగ్గదు.

ఆ నెలలో జరిగింది ఇది. ఆగస్టు 7 నుంచి భారత సరుకు మీద 25 శాతం, 27 నుంచి ఇంకో 25, మొత్తం 50. ఈ రెండో పాతికకు అమెరికా చెప్పిన కారణం రొయ్యకు సంబంధించింది కానే కాదు, మనం రష్యా దగ్గర చమురు కొంటున్నామని. మరీ చవకగా అమ్ముతున్నామని వేసే యాంటీ డంపింగ్ సుంకం, మన ప్రభుత్వ రాయితీలకు విరుగుడుగా వేసే కౌంటర్‌వెయిలింగ్ సుంకం అప్పటికే రొయ్య మీద ఉన్నాయి, అవి దీనికి అదనం. మనతో పోటీపడే ఈక్వెడార్‌కు పడింది 15. పైగా వాళ్ళు అమెరికాకు దగ్గర. మన రొయ్యకు అమెరికా అన్నిటికంటే పెద్ద మార్కెట్ కాబట్టి దెబ్బ నేరుగా తగిలింది. ఇలాంటి సుంకాలు చర్చల్ని బట్టి మారుతూ ఉంటాయి. కానీ మన చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్య పంట నాలుగు నెలల్లోపు చేతికొస్తుంది. చర్చలు ఆరునెలలు సాగితే ఒక పంట మొత్తం ఆ మధ్యలో పోయినట్టే.

రష్యా చమురు కొనడం తప్పా అని అడిగారు. తప్పని నేను అనను. 2022కి ముందు మన దిగుమతుల్లో రెండు శాతం కూడా లేని రష్యా చమురు తర్వాత మూడో వంతు దాటింది. వాడే చమురులో 85 శాతానికి పైగా బయట నుంచే తెచ్చుకునే దేశం చవకగా దొరికినచోట కొనుక్కోక తప్పదు. నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఆ లాభం చమురు కంపెనీల ఖాతాల్లో పడింది, దాని ఖరీదు ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు చెరువుల మీద పడింది. దేశం కోసం తీసుకున్న నిర్ణయానికి నష్టపోయినవాణ్ణి దేశమే ఆదుకోవాలి. సైనికుడి విషయంలో ఈ న్యాయం మనకు తెలుసు, రైతు విషయంలో ఇంకా అలవాటు కాలేదు.

వేరే దేశాలకు అమ్ముకోవచ్చు కదా?

అమ్ముకోవాలి కూడా. 2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకమైన వాణిజ్య ఒప్పందంలో రొయ్యకు సుంకం తీసేసే మాట ఉంది. అయితే మార్కెట్ మార్చడం బస్సు మారినట్టు కాదు. ఐరోపాకు యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షలు గట్టిగా ఉంటాయి. ఒక దేశానికి తల తీసింది కావాలి, ఇంకో దేశానికి తలతో కావాలి, మరొకరికి ఒలిచి ఉడికించి ప్యాకెట్లో పెట్టింది కావాలి. ప్లాంట్లు అందుకు తగ్గట్టు మారడానికి ఏళ్ళు పడుతుంది. అంత ఓపిక ప్రభుత్వానికి ఉందా లేదా అన్నది చూడాలి.

చైనా మన శత్రువైతే చీమకుర్తి రాయి వాళ్ళకెందుకు అమ్ముతున్నాం?

ఒంగోలులో బంధువులింటి పెళ్ళిలో ఒక కుర్రవాడు కోపంగా అడిగాడు. కోపం న్యాయమైనదే. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో మన సైనికులు 20 మంది పోయారు, అందులో కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. అయినా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు కొనేవాళ్ళలో చైనా ముందుంటుంది. అది ఆపితే ముందు ఆగేది క్వారీలో కంప్రెసర్, తర్వాత లారీ, ఆ తర్వాత కూలీ ఇంట్లో పొయ్యి.

అసలు చిక్కు అమ్మకంలో లేదు, కొనుగోలులో ఉంది. 2024-25లో చైనాతో మన వాణిజ్య లోటు దాదాపు 9,900 కోట్ల డాలర్లు. మందుల ముడిసరుకు, సోలార్ పలకలు, ఫోన్ల విడిభాగాలు అక్కడి నుంచే. 2025 ఏప్రిల్‌లో వాళ్ళు అరుదైన ఖనిజాల మాగ్నెట్ల ఎగుమతికి అడ్డుకట్ట వేస్తే మన కార్ల కంపెనీలు కంగారు పడ్డాయి. 2024 అక్టోబరులో లద్దాఖ్‌లోని దెప్సాంగ్, దెమ్‌చోక్‌ల దగ్గర గస్తీ మీద ఒప్పందం కుదిరింది, సంతోషమే. కానీ 3,488 కిలోమీటర్ల సరిహద్దు ఇంకా గీత గీయని సరిహద్దుగానే ఉంది. రాయిని బ్లాకుగా కాకుండా పాలిష్ చేసి అమ్మగలిగితే, కొనేవాడు చైనా ఒక్కడే కానక్కర్లేదు. దేశభద్రతకు చీమకుర్తి చేయగలిగిన సాయం అదే అనిపిస్తుంది నాకు.

పహల్గాం తర్వాత సింధు నీళ్ళు ఆపేశామన్నారు. సోమశిల గేట్లు దించినట్టు దించేశారా?

2025 ఏప్రిల్ 22న కాశ్మీర్‌లోని పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. వాళ్ళలో మన నెల్లూరు జిల్లా మనిషీ ఉన్నారు. అందుకే ఈ ప్రశ్న ఇక్కడ చాలామంది గొంతు వణుకుతూ అడిగారు.

మర్నాడు ప్రభుత్వం 1960 నాటి సింధు జలాల ఒప్పందాన్ని పక్కన పెట్టింది. ఒప్పందం ప్రకారం తూర్పు నదులు మూడు (రావి, బియాస్, సట్లెజ్) మనవి. పడమటి నదులు మూడు (సింధు, జీలం, చీనాబ్) ప్రధానంగా పాకిస్తాన్‌కు. సోమశిలలో 78 టీఎంసీలు నిలవ చేసే చోటు ఉంది కాబట్టి పెన్నకు గేటు వేయగలం. చీనాబ్ మీద సలాల్, బాగ్లిహార్ లాంటివి పారే నీటితో కరెంటు తీసే కట్టడాలు. వాటి వెనక నీళ్ళు ఎక్కువ రోజులు పట్టి ఉంచే చోటు లేదు. కొత్త జలాశయాలు కట్టాలంటే ఏళ్ళు కావాలి. వరద కబురు, నీటి లెక్కలు పంచుకోవడం మానేయడం మాత్రం వెంటనే చేయగలిగిన పని.

మే 7న పాకిస్తాన్‌లోని ఉగ్రవాద స్థావరాల మీద మన సైన్యం దాడి, ఆపరేషన్ సిందూర్, మొదలైంది, 10న కాల్పులు ఆగాయి. ఆ మూడు రోజులు మా వీధిలో పిల్లల ఫోన్లలోకి వచ్చిన వీడియోలు చాలా చూశాను. కొన్ని కంప్యూటర్ ఆటల్లోంచి తీసినవి, కొన్ని వేరే దేశాల పాత యుద్ధాలవి. యుద్ధమప్పుడు ముందుకు పంపకుండా ఆగడం కూడా దేశానికి చేసే సేవే అని మా వాళ్ళందరికీ చెప్పాను.

కడలూరు పెద్ద బోట్లు మన సముద్రంలోకి వస్తున్నాయి. ఇది కూడా విదేశాంగమేనా?

కాదు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ వరకు చేపల వేట రాష్ట్రం చేతిలో ఉంటుంది, ఆపైన కేంద్రానిది. తమిళనాడుతో గొడవ రెండు రాష్ట్రాలు కూర్చుని తేల్చుకోవాల్సింది. శ్రీలంక వాళ్ళు రామేశ్వరం బోట్లను పట్టుకోవడం విదేశాంగం. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకు వెళ్ళి పాకిస్తాన్‌కు చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 20 మంది 2020 జనవరిలో ఇళ్ళకు చేరడం కూడా విదేశాంగమే.

ముంబై మీద దాడిలాంటిది మన తీరం మీద జరగదని గ్యారంటీ ఉందా?

గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. 2008లో ముంబైకి వచ్చినవాళ్ళు మన చేపల బోటునే పట్టుకుని, అందులోనే వచ్చారు. ఆ 166 మంది ప్రాణాల తర్వాతే మెరైన్ పోలీస్ స్టేషన్లు పెరిగాయి, మత్స్యకారులకు వేలిముద్రల కార్డులు వచ్చాయి, తీరరక్షక దళానికి బాధ్యత పెంచారు. కృష్ణపట్నంలో ఆ దళానికి స్టేషన్ ఉంది.

జువ్వలదిన్నె దగ్గర ఒక పెద్దాయన నాకు తన కార్డు చూపించాడు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, మొలతాడుకు కట్టుకుని ఉన్నాడు. "ఉప్పునీళ్ళకి ఫోటో పోయింది సార్, నా మొహమే కార్డు" అన్నాడు. సముద్రం మీద కొత్త బోటు కనిపిస్తే అది ఏ ఊరిదో ఇంజను చప్పుడును బట్టి, రంగును బట్టి చెప్పగలవాళ్ళు వీళ్ళే. ఇంతకంటే మంచి రాడార్ లేదు. అనుమానం వస్తే తీరరక్షక దళానికి 1554, తీర పోలీసులకు 1093 ఫోన్ చేయాలి. ఈ నంబర్లు బోటు మీద పెయింటుతో రాయించుకోండి.

శ్రీహరికోటకు బయట నుంచి ప్రమాదం ఉందా?

జిల్లాలు విడగొట్టాక షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది కానీ, రాకెట్ లేచినప్పుడు మేడ ఎక్కే అలవాటు మాకు పోలేదు. కాపలా సంగతి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) చూసుకుంటుంది. నేను చెప్పదలచుకున్నది చూపు గురించి. 2022 ఆగస్టు 16న చైనా నౌక యువాన్ వాంగ్ 5 శ్రీలంకలోని హంబన్‌టోటకు వచ్చి ఆగింది. ఉపగ్రహాల్ని, క్షిపణుల్ని దూరం నుంచి గమనించే నౌక అది. అప్పుల భారంలో ఉన్న శ్రీలంక ఆ రేవును 2017లో 99 ఏళ్ళకు చైనా కంపెనీకి లీజుకు ఇచ్చింది. మన అభ్యంతరాల తర్వాత 2024లో ఏడాదిపాటు విదేశీ పరిశోధన నౌకల్ని ఆపింది. ఆ దేశ కొత్త అధ్యక్షుడు దిసానాయకె 2024 డిసెంబరులో ఢిల్లీ వచ్చి, తమ నేలను భారత్‌కు వ్యతిరేకంగా వాడనివ్వమని మాటిచ్చారు. ఆ మాట నిలబడాలంటే కొలంబోకు కష్టమొచ్చినప్పుడు మనం ముందు చేరాలి. 2022లో వాళ్ళకు పెట్రోలు, మందులు లేనప్పుడు చేరాం.

షార్ గురించి ఇంకొక్క మాట. 1991లో రష్యా నుంచి క్రయోజెనిక్ ఇంజను (అతి చల్లటి ద్రవ ఇంధనంతో నడిచే రాకెట్ ఇంజను) పరిజ్ఞానం కొనుక్కుంటే, 1992లో అమెరికా ఇస్రో మీద ఆంక్షలు పెట్టింది. 1993లో రష్యా వెనక్కి తగ్గి, తయారైన రాకెట్ దశలు (ఇంజనుతో కూడిన భాగాలు) ఏడు మాత్రం ఇచ్చింది. మనవాళ్ళు సొంతంగా చేయడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 2014 జనవరి 5న సొంత ఇంజనుతో జీఎస్ఎల్వీ ఎగిరింది. 2025 నవంబరు 2న నౌకాదళం కోసం 4,410 కిలోల సమాచార ఉపగ్రహం ఇదే తీరం నుంచి వెళ్ళింది. ఇంతకుముందు నౌకాదళ ఉపగ్రహం ఫ్రెంచ్ గయానా నుంచి పంపాల్సి వచ్చింది. ప్రభుత్వాలు ఎన్ని మారినా ఆ పని ఆగలేదు. నాకు చాలా గర్వంగా ఉంటుంది ఇది చెబుతుంటే.

కృష్ణపట్నం రేవుతో మాకేం సంబంధం?

మీ ఇంట్లో పామాయిల్ ప్యాకెట్ ఉంటే ఉన్నట్టే. రేవు చుట్టూ నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీలకు ముడినూనె ఇండొనేషియా, మలేషియాల నుంచి వస్తుంది. 2022 ఏప్రిల్ చివర ఇండొనేషియా ఎగుమతి ఆపేస్తే మూడు వారాలు కిరాణా కొట్లలో గగ్గోలే.

సైన్యానికి అంత ఖర్చు అవసరమా?

అవసరమే. 2025-26 బడ్జెట్లో రక్షణకు 6.81 లక్షల కోట్లు పెట్టారు. నా ఫిర్యాదు వేరే. అదే బడ్జెట్లో విదేశాంగ శాఖకు ఇచ్చింది 20,516 కోట్లు, అందులోనూ కొంత పొరుగుదేశాల సాయానికి పోతుంది. ఇంత దేశానికి విదేశాంగ సర్వీసు అధికారులు వెయ్యి మంది అటూ ఇటూ. సుంకం తగ్గించమని వాదించేదీ, జైల్లో ఉన్న మన మనిషిని కలిసేదీ వీళ్ళే. మన ఎంపీ ఓట్లకు వచ్చినప్పుడు రోడ్డు గురించి అడిగినట్టే దీని గురించీ అడగండి. లోక్‌సభలో ఎంపీ వేసిన ప్రశ్నను అనుమతిస్తే మంత్రి జవాబు చెప్పాలి.

"మావోడు కువైట్‌లో ఉండాడు. రేపు ఆడ యుద్ధమొస్తే ప్రభుత్వం తీసుకొస్తుందా నాయనా?"

పక్కింటి అమ్మ 2025 జూన్‌లో, ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి చేసిన వారంలో అడిగింది. తెస్తుందమ్మా, తెచ్చిన చరిత్ర ఉంది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు, ఎనిమిది నెలల వయసున్న వీపీ సింగ్ ప్రభుత్వం రెండు నెలల్లో జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా లక్షా డెబ్బై వేల మందిని ఎయిర్ ఇండియా విమానాల్లో తెచ్చింది. 2022లో ఉక్రెయిన్ నుంచి 22 వేల మందికి పైగా వచ్చారు, మన జిల్లా డాక్టరు చదువుల పిల్లలు వాళ్ళలో ఉన్నారు. 2024 జూన్ 12న, అంటే ప్రమాణ స్వీకారం జరిగిన మూడో రోజున, కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనం తగలబడితే మంత్రిని పంపి, 45 మంది భారతీయుల భౌతికకాయాలను వాయుసేన విమానంలో కొచ్చికి తెచ్చారు.

కానీ ప్రభుత్వం వెతకాలంటే మనిషి లెక్కలో ఉండాలి. విజిట్ వీసా మీద వెళ్ళి పనిలో చేరినవాళ్ళు ఏ లెక్కలోనూ ఉండరు. పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది, అంటే గల్ఫ్ లాంటి దేశాలకు పనికి వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. వాళ్ళు ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో నమోదై వెళ్ళాలి, ఏజెంటు ద్వారా వెళ్తే లైసెన్సున్నవాడై ఉండాలి. ఏజెంటు తీసుకోవాల్సింది 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. ఇళ్ళలో పనికి వెళ్ళే ఆడవాళ్ళకు ముప్పై ఏళ్ళు నిండాలి. ప్రవాసీ భారతీయ బీమా చేయిస్తే ప్రమాదంలో పోయినవారి కుటుంబానికి పది లక్షలు వస్తాయి.

ఆ అమ్మ పెట్టెలోంచి కొడుకు పాస్‌పోర్టు జిరాక్స్ తీసి ఇచ్చింది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. అతనికి ఫోన్ చేసి పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, సివిల్ ఐడీ, పని ఒప్పందం ఫోటోలు తెప్పించాం. రెండు కాపీలు తీయించి ఒకటి ఆమె బియ్యం డబ్బా పక్కన బీరువాలో, ఒకటి మా ఇంట్లో పెట్టాం. ఎంబసీ ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఆమె క్యాలెండర్ వెనక అంటించాను.